పక్కచుట్ట సొంతంగా కుట్టుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలి మొదలయ్యే వేళకు మాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటికి ఆరుబయట పడకే విషయం. కల్లంలో ధాన్యం కాపలా ఒకరిది, శివరాత్రి నడక ఒకరిది, అరకు కొండల్లో ట్రెక్కింగు ఇంకొకరిది. అవసరాలు వేరైనా పొరపాటు మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. డబ్బంతా పైన కప్పుకునేదానికి పెడుతున్నారు, కింద పరుచుకునేదాన్ని పట్టించుకోవడం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం పక్కచుట్టకే, అంటే చుట్టి వెంట తీసుకెళ్లే పడకకే ఇచ్చాం.

ప్ర: కల్లంలో ధాన్యం రాశి దగ్గర రాత్రిళ్లు పడుకోవాల్సి వస్తోంది. రెండు రగ్గులు కప్పుకున్నా తెల్లవారుజామున నడుము చలికి పట్టేస్తోంది. మూడోది కొనాలా?
– ఒక రైతు, మిర్యాలగూడ

జ: వద్దండీ. ఉన్న రెండింటిలో ఒకటి కిందకి వేసి పడుకోండి. తేడా ఆ రాత్రే తెలుస్తుంది.

రగ్గు వెచ్చగా ఉంచేది దాని నూలుపోగుల మధ్య చిక్కుకున్న గాలితో. మీద కప్పుకున్నప్పుడు ఆ గాలి అలాగే ఉంటుంది. ఒంటి కింద వేసుకుంటే బరువుకి నలిగి, గాలంతా బయటికి పోయి, రగ్గు కాస్తా పలచటి గుడ్డ అయిపోతుంది. ఇక ఒంట్లో వేడిని నేల లాగేస్తూనే ఉంటుంది. పిరుదులు, భుజాలు ఆనేచోట ఇది మరీ ఎక్కువ. కాబట్టి మీ రెండో రగ్గు కూడా తాత్కాలిక ఉపాయమే. కింద ఉండాల్సింది బరువుకి నలగని వస్తువు.

అందరికీ దొరికేది ఇ.పి.ఇ ఫోమ్. ఫ్రిజ్జులు, టీవీలు పెట్టెల్లో పెట్టేటప్పుడు చుట్టూ సర్దే తెల్లటి మెత్తటి షీటు అదే. ప్యాకింగ్ సామాను అమ్మే దుకాణాల్లో రోల్ నుంచి కోసి ఇస్తారు. 10 మిల్లీమీటర్ల మందంలో, 2 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు తీసుకోండి. బరువు పావుకిలోకి కాస్త అటూ ఇటూ. అందులోని గాలిబుడగలు ఒక్కొక్కటీ విడివిడిగా మూసుకుని ఉంటాయి, అందుకే గాలి బయటికి పోదు, నీరు లోపలికి రాదు. సోఫా ఫోమ్ మాత్రం వద్దు. దాని రంధ్రాలన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. నేల చెమ్మను స్పాంజిలా పీల్చి మర్నాడంతా ఆరదు.

మీది కల్లమే కాబట్టి ఇంకో మార్గం చేతిలోనే ఉంది. పొడి వరిగడ్డి జానెడు ఎత్తున పరిచి, దానిమీద పట్టా, పట్టా మీద పక్క వేసుకోండి. పడుకోగానే మూడు వేళ్ల మందానికి అణుగుతుంది, అది చాలు. ఒక్కటే తిరకాసు. గడ్డిని రెండు మూడు రోజులకు మించి ఒకేచోట ఉంచితే ఎలుకలు చేరతాయి, వాటి వెనకాలే వచ్చేవాటి గురించి కింద ఇంకో జవాబులో చెప్పాం. బీడీ అలవాటుంటే గడ్డి ఆలోచనే మానుకోండి.

తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు నడుము కింద, పరుచుకున్న రగ్గుకీ ఫోముకీ మధ్య చెయ్యి పెట్టి చూడండి. చల్లగా పొడిగా తగిలితే కింద ఇంకో పొర కావాలి. తడిగా తగిలితే పొరల లెక్క సరిపోయింది, పట్టా చోటే తప్పింది (అదెలాగో తర్వాతి జవాబులో చెప్పాం).

ప్ర: మోటార్‌సైకిల్ వెనక కట్టుకుని తీసుకెళ్లేలా పక్కచుట్ట కుట్టించుకోవాలని ఉంది. సీటు కవర్లు కుట్టే ఆయన "కొలతలిస్తే కుట్టేస్తా" అంటున్నాడు. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జ: సరైన మనిషినే పట్టుకున్నారు. బట్టలు కుట్టే దర్జీలు కాన్వాసు ముట్టుకోరు. సీటు కవర్లవాళ్ల మెషిన్‌కి, సూదికి ఆ మందం అలవాటే.

గుడ్డ: 60 అంగుళాల పన్నా ఉన్న నూలు కాన్వాసు, 5 మీటర్లు. బరువు 10 ఔన్సులది అడగండి, అంటే సుమారు 340 జీఎస్ఎం (చదరపు మీటరుకి 340 గ్రాములు). ఇంకా మందమైతే చుట్టడం కష్టం, ఇంకా పలచనైతే రేగుముళ్లకి చిరుగుతుంది. కత్తెర పెట్టేముందు మొత్తం గుడ్డని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మర్నాడు ఆ నీళ్లు పారబోసి, ఇంకోసారి జాడించి నీడలో ఆరేయాలి. మగ్గం మీంచి వచ్చిన కాన్వాసుకి గంజి ఉంటుంది. అది తియ్యకపోతే మొదటి వానాకాలానికే దానిమీద బూజు పడుతుంది. పైగా కాన్వాసు ముడుచుకుంటుంది, పొడవులో మీటరుకి 5 నుంచి 8 సెంటీమీటర్ల దాకా. ముందు కుట్టి తర్వాత తడిపితే చివర్లు వంకరపోతాయి. తడిపి ఆరేసరికి మీ 5 మీటర్లు 15 అడుగుల చిల్లరకి, పన్నా 58 అంగుళాలకి దిగుతాయి. ఆ లెక్కతోనే ఎక్కువ కొనమంటున్నాం.

మడత: కోసిన రెండు చివర్లూ అంగుళం చొప్పున రెండుసార్లు లోపలికి మడిచి కుట్టించండి. పక్కలు నేత అంచులే కాబట్టి అలాగే వదిలేయొచ్చు. ఇప్పుడు గుడ్డ పొడవు రెండు భాగాలయ్యేలా అడ్డంగా మడవాలి. కింది పొర 8 అడుగులు, పై పొర 7 అడుగులు. మడత కాళ్ల దగ్గర వస్తుంది, అందుకే అక్కడ కుట్టే ఉండదు, నీరు దిగే దారీ ఉండదు. కింది పొర తలవైపు అడుగు ఎక్కువ ఉంచింది ఊరికే కాదు. పడుకున్నప్పుడు అది దిండు కిందకి వస్తుంది, చుట్టినప్పుడు చుట్టకి పైతొడుగు అవుతుంది.

కింది పొర మధ్యలో 28 అంగుళాలు మీ పడక. రెండు పక్కలా 15 అంగుళాల చొప్పున రెక్కలు మిగులుతాయి. పడుకునేటప్పుడు ఈ రెక్కల్ని పక్కబట్టల మీదకి మడిచి, పై పొరని వాటిమీదుగా బయటికి దించాలి. పెంకుటింటి కప్పులో పై పెంకు కింది పెంకుని ఎలా కప్పుతుందో అలాగన్నమాట. చాలామంది దీన్ని తిరగేసి, పై పొరని రెక్కల లోపలికి దోపుతారు. అప్పుడు పైన పడ్డ నీళ్లన్నీ నేరుగా పక్కలోకే దిగుతాయి.

నాడాలు: జిప్పులొద్దు, దుమ్ము పట్టి మూడో రాత్రికే బిగుసుకుపోతాయి. వెల్క్రో అయితే రగ్గు నూలంతా దానికే. కాళ్ల మడత నుంచి 6, 21, 36, 51 అంగుళాల దగ్గర రెండు పక్కలా నాడాల జతలు పెట్టించండి. జతలో ఒకటి పై పొర అంచుకి, రెండోది కింది పొరలో అంచునుంచి 15 అంగుళాలు లోపల, అంటే పడక గీత మీద. 51 దాటి పెట్టించకండి. అక్కడినుంచి తలదాకా వదులుగా ఉంటేనే చేతులు బయటికి వస్తాయి, అర్ధరాత్రి లేవాల్సి వస్తే గబుక్కున లేవగలరు.

కుట్టు: సూది 18 నంబరు. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. దగ్గరదగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకుంటారు గానీ, కాన్వాసు మీద అది పోస్టల్ స్టాంపుల షీటుకి వేసిన చిల్లుల్లా మారి, లాగినప్పుడు సరిగ్గా ఆ గీత మీదే చిరుగుతుంది. దారం నూలుదైతే మంచిది. తడిసినప్పుడు ఉబ్బి సూది చిల్లుల్ని మూసేస్తుంది, పాలిస్టర్ దారం ఆ పని చెయ్యదు.

ఫోము రాత్రిపూట జారకుండా కింది పొర లోపలివైపు, తల దగ్గరా కాళ్ల దగ్గరా పాత గుడ్డతో 6 అంగుళాల లోతు జేబులు కుట్టించి రెండు చివర్లూ అందులో దూర్చండి. ఫోము తీసే వీలుండాలి, కుట్టేయకూడదు.

పట్టా: ఊళ్లో ఏ ఫంక్షన్ అయ్యాకైనా దొరికే పాత ఫ్లెక్సీ చాలు. 27 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు కోసుకుని కాన్వాసు కింద పరచండి. ఇందాకటి జవాబులో పట్టా చోటు తప్పిందన్నది దీని గురించే. పడక కంటే ఫ్లెక్సీ ఎప్పుడూ అంగుళమైనా చిన్నగా ఉండాలి. బయటికి పొడుచుకు వస్తే దానిమీద పడ్డ మంచునీరు, చినుకులు జారి సరిగ్గా మీ వీపు కిందకి చేరతాయి. ఫ్లెక్సీని కాన్వాసుకి కలిపి కుట్టించకండి, రెండూ ఎప్పటికీ ఆరవు.

కట్లు: నవారు. పాత మంచం నవారైనా గట్టిగా ఉంటే సరే. 5 అడుగుల ముక్కలు రెండు, వాటిని కలిపే చేతిపట్టుకి రెండున్నర అడుగుల ముక్క ఒకటి. చివర పిన్ను బకిల్ బదులు ఇనుప డి-రింగులు జంటగా పెట్టించండి. నవారుని రెండు రింగుల్లోంచి దూర్చి, తిప్పి ఒక్కదాంట్లోంచి వెనక్కి లాగితే ఎంత లావు చుట్టకైనా బిగుస్తుంది. నవారు కుట్టేచోట నలుచదరం కుట్టు వేసి మధ్యలో ఇంటూ గుర్తు వేయమనండి.

రెక్కలు లోపలికి మడిచి, కాళ్లవైపు నుంచి మోకాలితో గాలి నొక్కుతూ చుట్టుకుంటూ రండి. 28 అంగుళాల పొడవు, అడుగు లావు చుట్ట తయారవుతుంది. బండి హ్యాండిల్ వెడల్పు దాటదు. బొంత, రగ్గు కలిపి 6 కిలోల చిల్లర తూగుతుంది. కట్టేటప్పుడు సైలెన్సర్ వైపు ఏ మూలా వేలాడకుండా చూసుకోండి, ఫ్లెక్సీ ఇట్టే కరుగుతుంది. ఫోము ఒకేవైపు చుడుతూ పోతే అంచులు పైకి లేస్తాయి, ఒకసారి చుట్టినవైపు మరుసటిసారి తిరగెయ్యండి.

ప్ర: మంచు పడుతోందని ప్లాస్టిక్ పట్టా కప్పుకుంటున్నాను. పొద్దున్నే చూస్తే దుప్పటి పైభాగం తడిసి ఉంటోంది. పట్టాకి చిల్లులు పడ్డాయేమోనని కొత్తది కొన్నా అదే వరస.
– ఒక పాఠకుడు, ఉట్నూరు

జ: చిల్లులు లేవు కాబట్టే తడుస్తోంది. ఆ నీళ్లు మీవే. నిద్రలో ఊపిరి ద్వారా, చర్మం ద్వారా రాత్రంతా కలిపి ఒక టీ గ్లాసుకి మించి నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. అది దుప్పటిలోంచి పైకి వెళ్లి చల్లటి ప్లాస్టిక్‌కి తగిలి నీటిబొట్లయి మళ్లీ దుప్పటి మీదే పడుతుంది. అన్నం గిన్నె మీద మూత తీసి చూస్తే లోపల ఏముంటుందో ఇక్కడా అదే. ముఖం మీదకి కూడా లాక్కుని పడుకుంటే ఇంకా ఎక్కువ.

ప్లాస్టిక్ కింద ఉండాలి, పైన గాలాడే నూలు కాన్వాసు ఉండాలి. ప్లాస్టిక్ తప్ప వేరే లేదంటే ఒంటిమీద కాకుండా నాలుగడుగుల ఎత్తున తాడుకి పందిరిలా కట్టండి. మంచు పడేది ఆకాశం తిన్నగా కనిపించే వస్తువుల మీద. చెట్టు కిందో, చూరు కిందో పక్క వేస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

ప్ర: కాన్వాసు చినుకులకి ఆగుతుందా? వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఉన్నది కొనమంటున్నారు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జ: లోపల రబ్బరు పూత ఉన్నదైతే పై జవాబులో చెప్పిన ప్లాస్టిక్ కథే అవుతుంది. దానికంటే సబ్బు, పటిక పద్ధతి మేలు. పాత గుడారాల రోజులనాటిది, ఇంట్లో చేసుకోవచ్చు.

అర కిలో బట్టల సబ్బుని సన్నగా తురిమి 8 లీటర్ల వేడి నీళ్లలో పూర్తిగా కరిగించండి. గంజి వదిలించిన కాన్వాసుని అందులో ముంచి, నీరు లోపలిదాకా దిగేలా పావుగంట పిసకండి. తీసి గట్టిగా పిండాలి గానీ జాడించకూడదు. వేరే తొట్టిలో 4 లీటర్ల వేడి నీళ్లలో పావుకిలో పటిక పొడి కరిగించి, పిండిన గుడ్డని అందులో వేసి ఇంకో పావుగంట ఉంచండి. నీళ్లు పాలలా తెల్లబడతాయి. సబ్బూ పటికా కలిసి నీటిలో కరగని మైనం లాంటి పదార్థంగా మారి నూలుపోగులకి పట్టుకుంటుందన్నమాట. తర్వాత ఒక్కసారి చన్నీళ్లలో తేలిగ్గా ముంచి తీసి నీడలో ఆరేయండి. ఈ చివరి ముంచడం మానేస్తే మిగిలిపోయిన పటిక పులుపు నూలుని మెల్లగా తినేస్తుంది.

ఎక్కువమందికి ఇది కుదరకపోవడానికి కారణాలు రెండే. మొదటిది, సబ్బు బదులు డిటర్జెంట్ బిళ్ల వాడటం. డిటర్జెంట్‌కీ పటికకీ ఈ చర్య జరగదు. రెండోది బోరు నీళ్లు. ఉప్పునీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, పని చేయాల్సిన సబ్బంతా ఆ తెట్టులోనే పోతుంది. వాననీళ్లో, కుళాయి మంచినీళ్లో వాడండి. పై రెండు తప్పుల్ని ఒకే పరీక్షలో పట్టుకోవచ్చు. మీ బిళ్లని బోరు నీళ్లలో కలిపి చూడండి. తెల్లగా విరిగితే అది సబ్బే, శుభ్రంగా నురుగొస్తే డిటర్జెంట్.

ఆరాక నీళ్లు చిలకరిస్తే చేమాకు మీదలా బొట్లు దొర్లాలి. మంచుకీ, అరగంట చినుకుకీ ఆగుతుంది. కుండపోతకి ఆగదు. డిటర్జెంట్‌తో ఉతికితే మొత్తం పోతుంది, మళ్లీ చేసుకోవాల్సిందే. కొవ్వొత్తి మైనం కరిగించి పూయొచ్చా అని కూడా అడుగుతుంటారు. కాళ్లవైపు మడతకి మాత్రం పూసుకోండి. మొత్తానికి పూస్తే గాలాడదు, మన ఎండలకి డాబా మీద జిగటగా తయారవుతుంది.

ప్ర: ఇంట్లో పాత నేత చీరలు చాలా ఉన్నాయి. పక్కచుట్టలోకి బొంత కుట్టాలంటే ఎన్ని కావాలి? ఇదివరకు కుట్టింది మధ్యలో ముడతలు పడి గుట్టలా తయారైంది.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జ: రెండు చీరలు చాలు. అయిదున్నర మీటర్ల చీరని పొడవులో మూడు మడతలు వేస్తే సరిగ్గా ఆరడుగులు వస్తుంది. రెండు చీరలకి ఆరు పొరలు. బరువు కిలోకి అటూ ఇటూ ఉంటుంది. మరీ చలి ప్రాంతమైతే మూడో చీర. అంతకు మించితే చేతి సూది దిగదు. వెడల్పు 46 అంగుళాలు వస్తుంది, పడక కంటే ఎక్కువే అయినా కోయకండి. రెండు పక్కలా మిగిలిన జానెడు గుడ్డ పైకి మడుచుకుని పక్కగాలిని ఆపుతుంది.

చిరుగులు పట్టిన చీర లోపలికి, గట్టిది బయటికి. జరీ అంచు ఉంటే కత్తిరించేయండి, ఒరుసుకుంటుంది. సిల్కు, పాలిస్టర్ చీరలు కలపొద్దు. పొరలు ఒకదానిమీద ఒకటి జారుతాయి, చెమట పీల్చవు.

ముడతల సంగతి. మీరు ఒక అంచునుంచి మొదలుపెట్టి రెండో అంచుకి వెళ్లి ఉంటారు. ప్రతి వరసా పై పొరని కొంచెం ముందుకి నెడుతుంది, ఆ నెట్టిందంతా పోగై గుట్ట అవుతుంది. ఈసారి చాప మీద పరిచి, నలుగురు నాలుగు మూలలా లాగి పట్టుకుని, జానెడుకొకటి చొప్పున పెద్ద పెద్ద టాకాలు వేసుకోండి. తర్వాత మొదటి వరస నట్టనడుమ, తలనుంచి కాళ్లదాకా. రెండో వరస దానికి కుడివైపు, మూడోది ఎడమవైపు. అలా నడుమ నుంచి అంచులకి వెళ్తే ముడత ఎప్పటికప్పుడు అంచుకి జరిగిపోతుంది.

వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ల ఎడం. ఎక్కువ ఎడం పెడితే ఉతికినప్పుడు లోపలి పొర ఉండ చుట్టుకుంటుంది. ముప్పై వరసల దాకా పడతాయి, దారం 70, 80 మీటర్లు పడుతుంది. లావు నూలుదారమే వాడండి. నైలాన్, పాలిస్టర్ దారం తెగదు గానీ పాత గుడ్డని రంపంలా కోసేస్తుంది. సూదిలోకి ఒకసారికి రెండు మూరలకి మించి దారం ఎక్కించకండి, చిక్కుపడుతుంది.

ప్ర: శివరాత్రికి వెంకటాపురం నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం నడిచి వెళ్తున్నాం. 6 కిలోల చుట్ట మొయ్యలేం. ఏం తగ్గించుకోవచ్చు?
– నడక బృందం, నంద్యాల

జ: కాన్వాసు పూర్తిగా మానేయండి. నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను దారిలో రోజంతా ఎండ, రాత్రి చలి. వాన భయం ఆ రోజుల్లో తక్కువ. మీకు కావాల్సింది మూడే. 6 మిల్లీమీటర్ల ఫోము (యోగా మ్యాట్ అయినా సరే), నాలుగడుగుల పొడవు మాత్రమే, అంటే భుజాల నుంచి తొడల దాకా. కాళ్ల కింద మీ సంచీ పెట్టుకోవచ్చు. రెండోది దుప్పటి సంచి. డబుల్ కాట్ నూలు దుప్పటిని వెడల్పులో సగానికి మడిచి, కాళ్లవైపు పూర్తిగా, పక్కన కాళ్లనుంచి నడుము పైదాకా కుట్టండి. పైన రెండున్నర అడుగులు తెరిచి ఉంచాలి. కాళ్ల దగ్గర సన్నం చేయొద్దు, పక్కకి తిరగలేరు. మూడోది పలచటి ఉన్ని శాలువా, సంచిలోపల ఒంటికి చుట్టుకోవడానికి. వీటికి తోడు ఫోము కింద వెయ్యడానికి ఫ్లెక్సీ ముక్క ఒకటి. మొత్తం రెండు కిలోలు దాటదు.

ఫోముని నెగడుకి రెండు బారల లోపు పరచకండి. నిప్పురవ్వ పడితే మంట రాకపోయినా చిల్లు పడుతుంది. అడవిలో మంట వేయడానికి అనుమతి ఉన్నచోటే వేయండి, అది పులుల అభయారణ్యం.

ప్ర: పొలంలో నేలమీద పడుకోవాలంటే పాముల భయం. చుట్టూ వెల్లుల్లి, ఫినాయిల్ చల్లితే రావంటారు. నిజమేనా?
– ఒక రైతు, గిద్దలూరు

జ: వాటిని నమ్ముకోకండి. నేలమీద నిద్రపోయేవాళ్లకి అన్నిటికంటే ప్రమాదం కట్లపాముతో. అది తిరిగేది రాత్రిపూట, చిన్న పాములు, ఎలుకలు, బల్లుల కోసం. పక్కలోకి దూరి నిద్రలోనే కాటేస్తుంది. కోరలు చిన్నవి, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, దోమ కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరాడకపోవడం మొదలవుతాయి. ఈ లక్షణాలు కనిపిస్తే కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోకుండా, కట్లు బిగించకుండా, కోయకుండా 108కి ఫోన్ చేసి విరుగుడు ఇంజక్షన్, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి చేరాలి.

పనిచేసే రక్షణ దోమతెర. అయితే వేలాడదీసి వదిలేసిన తెర కాదు, నాలుగువైపులా పక్క కిందకి దోపిన తెర. మామూలు తెర కింద దోపడానికి గుడ్డ చాలదు. అందుకని తెర కింది అంచు చుట్టూ అడుగున్నర ఎత్తు పాత పంచె గుడ్డ కుట్టండి. దాన్ని కాన్వాసుకీ ఫ్లెక్సీకీ మధ్య జానెడు లోపలికి దోపితే మీ బరువే దాన్ని నొక్కి ఉంచుతుంది. తెర ఒంటికి తగలకుండా వెడల్పు ఉండాలి. మంచం కుదిరితే మంచమే మేలు. మంచం మీదైనా కింద ఫోము వేసుకోండి, నులక సందుల్లోంచి చలిగాలి కొడుతుంది.

గడ్డివాము, కట్టెలమోపు, రాళ్లకుప్ప, గట్టు బొరియలకి దూరంగా పక్క వేయాలి. పక్కని సాయంత్రమే పరిచి ఉంచొద్దు. పడుకునే ముందు పరిచి, ప్రతి పొరా దులిపి, టార్చి వేసి చూసి దూరండి. పగలు చుట్టని నేలమీద కాకుండా కొమ్మకి వేలాడదీయండి. తేళ్లకి చుట్ట సందులంటే మహా ఇష్టం.

ప్ర: కొత్త గొంగడి కొన్నాను. గరుకుగా, అట్టలా ఉంది. వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జ: వేస్తే సగం గొంగడే చేతికొస్తుంది. వేడికీ తిప్పుడుకీ ఉన్ని ముడుచుకుని ముద్దవుతుంది. ఆ అట్టలాంటి బిరుసు చింతగింజల గంజిది, నేసేముందు దారానికి పెడతారు. చన్నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా నీరు వార్చి, మంచం మీద పరిచి నీడలో ఆరేస్తే కొంత దిగుతుంది, మిగతాది వాడుతుంటే పోతుంది. మెడకి గుచ్చుకోకుండా లోపలివైపు పాత పంచె టాకాలు వేసుకోండి.

దక్కను గొర్రె ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా చెమ్మ పీల్చినా తడిగా అనిపించదు, వెచ్చదనమూ పోదు. అందుకే పక్కచుట్టలో కప్పుకోవడానికి దానికి సాటి వచ్చేది మాకు కనిపించలేదు, బరువొక్కటే లోపం. కొన్నది నిజంగా ఉన్నేనా అనేది చూడాలంటే ఒక పోగు తీసి అంటించండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్లమధ్య పొడవ్వాలి. కరిగి గట్టి పూసలా అయితే అది అక్రిలిక్.

ప్ర: ఇదే పక్కచుట్ట వేసవిలో డాబా మీదకి పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జ: ఫోము తీసేయండి, వీపంతా చెమట. తుంగచాప, దానిమీద జంపఖానా చాలు. స్లాబు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. పొద్దుగూకగానే రెండు మూడు బకెట్ల నీళ్లు చల్లి, పూర్తిగా ఆరాకే చాప వేయండి.

ప్ర: మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. ఇక్కడి "స్వాగ్" కూడా ఇలాంటిదేనా? కొత్తది కొంటే మొదటి వానకే కుట్ల దగ్గర కారింది.
– ఒక పాఠకుడు, ఆస్ట్రేలియా

జ: తమ్ముడి వరసే. కాన్వాసు సంచి, లోపల పలచటి పరుపు, అంతే. కారినంత మాత్రాన పాడైనట్టు కాదు. కొత్తదాన్ని మొదటి ప్రయాణానికి ముందే ఇంటి బయట నిలబెట్టి, పైపుతో బాగా తడిపి, పూర్తిగా ఆరబెట్టాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే దారం ఉబ్బి సూది చిల్లులు మూసుకుంటాయి. కర్నూలు పాఠకుడు కూడా తన చుట్టకి ఇదే చేసుకోవచ్చు.

ప్ర: పట్టాకి వేయించిన ఇత్తడి ఐలెట్లు (తాడు దూర్చే చిల్లులకి బిగించే రింగులు) ఊడి వస్తున్నాయి. ఇంకా గట్టివి ఏవి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జ: తప్పు ఐలెట్‌ది కాదు, ఒంటిపొర గుడ్డది. మూలకి ఇంకో రెండు పొరలు అతికి కుట్టాక వేయించండి. అసలు ఐలెటే అక్కర్లేని పద్ధతి ఒకటుంది. నిమ్మకాయంత నున్నటి గులకరాయిని పట్టా మూలలో పెట్టి, గుడ్డతో సహా మెడ దగ్గర తాడు ఉరి వేసి లాగండి. ఎంత లాగితే అంత బిగుస్తుంది, చిల్లు పడదు.

ప్ర: అటక మీద పెట్టిన పాత హోల్డాల్ (పక్కబట్టలు చుట్టి తీసుకెళ్లే కాన్వాసు సంచి) తీస్తే బూజు వాసన, నల్లమచ్చలు. పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జ: మచ్చ ఉన్నచోట రెండు బొటనవేళ్లతో పట్టి లాగండి. పర్రుమంటే పారేయండి. ఆగితే పొడి బ్రష్‌తో ఆరుబయట దులిపి, సబ్బునీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండలో రెండువైపులా తిప్పండి. బ్లీచింగ్ వద్దు, నూలు పుచ్చిపోతుంది. మచ్చలు పోవు, వాసన పోతుంది. తోలు పట్టీలు ఎండి పగిలి ఉంటే వాటిని తీసి నవారు కుట్టించండి. హోల్డాల్ చివరి సంచుల్లో ఒకదాన్ని దిండు పెట్టడానికి, రెండోదాన్ని చెప్పులకి వాడుకోవచ్చు. వాడిన ప్రతి ఉదయం చుట్టేముందు గంటసేపైనా తీగమీద వేయండి, ఫోము అడుగుభాగం పొడిగుడ్డతో తుడవండి. ఎండే లేని రోజైతే వదులుగా చుట్టి తెచ్చి, ఇంట్లో ఫ్యాను కింద పరవండి.